మైకు ఆన్ చేసి చెప్పమ్మా

ఇద్దరూ నాకు బాగా కావలసినవాళ్లే. పెద్దాయన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ కాలం బేగంపేట టవర్‌లో, 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక అక్కడ. ఆయన చెల్లెలి కూతురు ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి, ఇంజనీరింగ్ వద్దు పైలట్‌నవుతానని ఇంట్లో ఒప్పించుకుంది. ఆ ఒప్పించడం మీదే ఇంకో వ్యాసం రాయొచ్చు, అది వేరే సంగతి. ఇప్పుడు పేచీ అంతా గ్రౌండ్ స్కూల్, అంటే పైలట్ రాతపరీక్షల చదువు దగ్గర. అమ్మాయి ఒంగోలు నుంచి కదలకుండా ఆన్‌లైన్ కోర్సులో చేరింది. ఢిల్లీలోని ద్వారకాలో సందుకో గ్రౌండ్ క్లాసు ఉంటుంది, అక్కడికి వెళ్లి మాస్టారి ఎదురుగా కూర్చుని నేర్చుకోవాలని మేనమామ పట్టు. విన్నది విన్నట్టు రాస్తున్నాను. నోరు ఊరుకోని చోట మధ్యలో నా మాట కూడా ఉంటుంది.

మామయ్య: ఫీజు కట్టేశావా, ఇంకా ఆలోచనలోనే ఉన్నావా?

మేనకోడలు: కట్టేశాను మామయ్యా. మొదటి వాయిదా.

మామయ్య: మరి నన్నెందుకు అడగమంది మీ అమ్మ?

మేనకోడలు: మీరు సరేనంటారని.

మామయ్య: అననుగా! విమానం నడపడం ఫోన్లో చూసి నేర్చుకుంటానంటే ఎలా సరేనంటాను?

మేనకోడలు: నడపడం కాదు, చదవడం. ఒడ్డున కూర్చుని ఈత సామెత మాత్రం చెప్పకండి, ఇప్పటికి నాన్న రెండుసార్లు చెప్పారు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకి రాయాల్సిన పేపర్లున్నాయి. నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, మనం నడిపే విమానం మీద టెక్నికల్ స్పెసిఫిక్. ఇవి కాక రేడియో లైసెన్సుకి ఆర్‌టీఆర్. వీటిల్లో దేనికీ విమానం ఎక్కక్కర్లేదు. 200 గంటల ఫ్లయింగ్ ఎలాగూ ఫ్లయింగ్ స్కూల్లోనే చేయాలి.

మామయ్య: సరే, ఆ క్లాసు ఎలా జరుగుతుందో చెప్పు. వినకుండా తిట్టానన్న మాట నాకెందుకు?

మేనకోడలు: రోజూ రాత్రి ఏడింటికి లైవ్ క్లాసు, గంటన్నర. సారు ట్యాబ్ మీద బొమ్మలు గీస్తూ చెప్తారు. పడుకునే వేళకి ఆ రికార్డింగ్ యాప్‌లోకి వచ్చేస్తుంది. అర్థంకాని చోట ఆపుకుని ఎన్నిసార్లయినా చూడొచ్చు. చాప్టర్ అయ్యాక ప్రశ్నల బ్యాంకు. తప్పు పెట్టిన ప్రతిదానికీ కింద వివరణ ఉంటుంది. మధ్యమధ్యలో మాక్ టెస్టులు. డౌట్లకి టెలిగ్రామ్ గ్రూపు. పుస్తకాలు మనమే కొనుక్కోవాలి. నావిగేషన్‌కి ఆక్స్‌ఫర్డ్ వాళ్లవి, మెట్‌కి ఐసీ జోషి, రెగ్యులేషన్స్‌కి ఆర్కే బాలి.

మామయ్య: ద్వారకాలోనూ అవే పుస్తకాలు.

మేనకోడలు: నేననేదీ అదే. పుస్తకాలు అవే, సిలబస్ అదే, పౌర విమానయాన డైరెక్టరేట్ డీజీసీఏ పెట్టే పరీక్షా అదే, పాస్ మార్కులూ అవే డెబ్బై శాతం. ఫలానా చోట కోచింగ్ తీసుకుంటేనే రాత పరీక్షకి కూర్చోనిస్తామన్న షరతు కూడా లేదు. డీజీసీఏ గుర్తింపు కావాల్సింది ఫ్లయింగ్ స్కూలుకి. అలాంటప్పుడు ద్వారకాలో రూముకి అద్దె కట్టి, మెస్సులో రాజ్మా తిని, చలికాలంలో దగ్గుతూ అదే ఐసీ జోషి చదవడమెందుకు?

మామయ్య: తిండి సంగతి మీ అమ్మతో మాట్లాడు. ఆ ప్రశ్నల బ్యాంకు సంగతేంటి? ఫీడ్‌బ్యాక్ అంటున్నారట.

మేనకోడలు: అంటారు. పరీక్ష రాసి బయటికొచ్చినవాళ్లు గుర్తున్న ప్రశ్నలు చెప్తారు, కోర్సు వాళ్లు వాటిని పోగేసి ఇస్తారు. ఆ సెషన్‌లో ఏమొచ్చాయో వారానికల్లా యాప్‌లో ఉంటాయి.

మామయ్య: అంటే పాఠం పేరుతో అమ్మేది ఆ పోగునే. ఎంసెట్ కోచింగ్ తప్పించుకున్నావనుకున్నాను, దాని చెల్లెలి దగ్గరికే వెళ్లావు.

మేనకోడలు: కార్పొరేట్ కాలేజీలో రెండేళ్లు ఉన్నాను మామయ్యా, ఆ రుచి మీకంటే నాకే బాగా తెలుసు. కానీ ఈ జబ్బు ఆన్‌లైన్‌తో వచ్చింది కాదు. ద్వారకా క్లాసుల ముందు జెరాక్స్ షాపులు దేనిమీద బతికాయనుకుంటున్నారు? ఫీడ్‌బ్యాక్ కట్టల మీదే.

(ఇక్కడ నా మాట ఒకటి. ప్రశ్నల బ్యాంకు ఉండటం తప్పు కాదు. వందకి డెబ్బై తెచ్చుకుని నెగ్గిన పిల్లవాణ్ని పోయిన ఆ ముప్పై ఏవి అని అడిగే మనిషి లేకపోవడమే అసలు తప్పు. ఆ ముప్పైలో ఐసింగ్ ఉండొచ్చు, ఇంధనం లెక్క ఉండొచ్చు. స్కోరు కార్డు చూసి తండ్రి స్వీట్లు పంచుతాడు, కోర్సు వాళ్లు ఫొటో వేసుకుంటారు. పోయిన మార్కులు ఎవరికీ పట్టవు.)

మామయ్య: ఒకటి అడుగుతాను చెప్పు. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. హైదరాబాద్ దగ్గర రన్‌వే, ఎత్తు 2,000 అడుగులనుకో. బయట 40 డిగ్రీలు. ప్రెజర్ ఆల్టిట్యూడ్ కూడా అదే 2,000 అనుకుందాం. డెన్సిటీ ఆల్టిట్యూడ్ ఎంత?

మేనకోడలు: సముద్రమట్టం దగ్గర స్టాండర్డ్ టెంపరేచర్ 15. వెయ్యి అడుగులకి రెండు డిగ్రీలు తగ్గాలి కాబట్టి అక్కడ ఉండాల్సింది 11. ఉన్నది 40. తేడా 29. డిగ్రీకి 120 అడుగుల లెక్కన 3,480. అది 2,000కి కలిపితే 5,480.

మామయ్య: సూత్రం బాగానే బట్టీ పట్టావు. ఇప్పుడు ఆ 5,480 అంటే ఏమిటి?

మేనకోడలు: విమానం దృష్టిలో మనం హైదరాబాద్‌లో లేమని. హార్స్‌లీ హిల్స్ కంటే ఇంకా వెయ్యి అడుగులకి పైగా ఎత్తులో ఉన్న రన్‌వే మీద నుంచి లేస్తున్నట్టు లెక్క. గాలి పలచన. ఇంజనుకి బలం తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కి పట్టు తగ్గుతుంది, రెక్కకి లిఫ్ట్ తగ్గుతుంది.

మామయ్య: అయితే రోజూ 55 నాట్ల దగ్గర ముక్కు లేపేదాన్ని, ఇవాళ 60 దాకా ఆగి లేపుతావా?

మేనకోడలు: లేదు. మీటరు మీద 55కే లేపుతాను. గాలి పలచబడిందన్న సంగతి ఎయిర్‌స్పీడ్ మీటరుకీ వర్తిస్తుంది కదా. అది 55 చూపించే వేళకి నేల మీద నిజంగా 60 నాట్ల దాకా పరిగెడుతుంటాం. బలం తక్కువ, అందుకోవాల్సిన వేగం ఎక్కువ, అందుకే రన్‌వే ఎక్కువ తినేస్తుంది. మామూలు రోజు లేచే చోటు దాటినా లేవకపోతే కంగారుపడి ముందే లాగేయకూడదు, దానికే ప్రమాదాలవుతాయి. లేచాక ఎక్కడం కూడా మెల్లగానే. రన్‌వే చివర చెట్లు గానీ టవర్లు గానీ ఉంటే ముందే లెక్క చూసుకోవాలి, లేదా పొద్దున్నే బయల్దేరాలి.

మామయ్య: ... ఇది ఎవరు చెప్పారు?

మేనకోడలు: ఆన్‌లైన్ సారే. క్లాసులో నాకు అర్థం కాలేదు. రికార్డింగ్ ఆపి, వెనక్కి జరిపి, నాలుగైదు సార్లు చూశాక మీటరు సంగతి వెలిగింది. మీ క్లాస్‌రూమ్‌లో అయితే నలభై మంది ముందు చెయ్యెత్తి ‘సార్, మళ్లీ చెప్పండి’ అని ఒక్కసారి అడుగుతాను. రెండోసారి అడగను. పైగా ఆ బ్యాచ్‌లో సగం పాఠం హిందీలో నడుస్తుంది.

పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. మనవాళ్లకి ఢిల్లీ క్లాసుల్లో హిందీ ఇబ్బంది చిన్నదేం కాదు. ఆ మాట ఆయనా కాదనలేదు.

మామయ్య: సరే, టెక్నికల్ వదిలెయ్. నావిగేషన్‌కొద్దాం. నీ ఫ్లైట్ కంప్యూటర్ తీసుకురా.

ఈ కంప్యూటర్‌కి కరెంటు ఉండదు. గుండ్రటి డయలు, మధ్యలో పారదర్శకమైన ప్లాస్టిక్, దాని కింద అటూ ఇటూ జరిగే పొడుగాటి స్లైడు, స్లైడు మీద వేగాల వంపు గీతలు. ప్లాస్టిక్ మీద పెన్సిల్‌తో గాలికి ఒక చుక్క పెట్టి డయలు తిప్పితే, గాలి మనల్ని ఎటు నెడుతుందో, నేల మీద మన వేగమెంతో తెలుస్తుంది. అమ్మాయి లోపల్నుంచి తెచ్చింది. ప్లాస్టిక్ మీద పాత చుక్కలు ఇంకా మాసిపోలేదు.

మామయ్య: గాలి 090 నుంచి 20 నాట్లు. నువ్వెళ్లేదీ 090కే. విమానం వేగం 100. గ్రౌండ్ స్పీడ్ ఎంత? నోటితో చెప్పకు, దానిమీద చెయ్యి.

మేనకోడలు: గాలి దిక్కు 090 పైకి పెట్టాను. మధ్య నుంచి పైకి 20 గడులు లెక్కపెట్టి చుక్క. ఇప్పుడు వంద గీత మధ్య రంధ్రం కిందికి... చుక్క దగ్గర చదివితే 120.

మామయ్య: ఎదురుగాలిలో వేగం పెరిగిందా?

మేనకోడలు: అయ్యో. లేదు, 80 కదా రావాలి. నోటి లెక్కకే తెలుస్తోంది. మరి ఇదేంటి ఇలా వచ్చింది?

మామయ్య: ఆ చుక్క పైకి పెట్టమని ఎవరు చెప్పారు?

మేనకోడలు: యూట్యూబ్‌లో ఒక అమెరికా ఇన్‌స్ట్రక్టర్. మా సారు పాఠం కంటే చిన్నగా ఉందని చూశాను.

మామయ్య: వంద గీతని మధ్య రంధ్రం కింద పెట్టమని?

మేనకోడలు: అది మా సారు, ఆక్స్‌ఫర్డ్ పుస్తకం.

మామయ్య: అదీ సంగతి. ఇవి రెండు పద్ధతులు. అమెరికా వాళ్లు చుక్క పైకి పెట్టి, ఆ చుక్కని విమానం వేగం మీదికి తెస్తారు, గ్రౌండ్ స్పీడ్ మధ్య రంధ్రం దగ్గర చదువుతారు. మనం చదివే పుస్తకాల్లో చుక్క కిందికి పెట్టి, మధ్య రంధ్రాన్ని విమానం వేగం మీద ఉంచి, గ్రౌండ్ స్పీడ్ చుక్క దగ్గర చదువుతారు. ఏ ఒక్కటి పట్టుకున్నా జవాబు వస్తుంది. మొదటి సగం వాళ్లది, రెండో సగం వీళ్లది చేస్తే ఎదురుగాలి తోడుగాలైపోతుంది. నేను అడిగింది సూటిగా ఎదురొచ్చే గాలి కాబట్టి నీకే అనుమానమొచ్చింది. పక్కవాటుగా 50 డిగ్రీల నుంచి వస్తే? నాలుగు ఆప్షన్లలో ఆ తప్పు జవాబు కూడా ఉంటే టిక్కు పెట్టేసి వచ్చేదానివి.

మేనకోడలు: ప్రశ్న పెట్టేవాళ్లకి ఆ తప్పు తెలిసే ఉంటుంది.

మామయ్య: తెలిసే ఉంటుంది. ద్వారకాలో మాస్టారు బెంచీల మధ్య తిరుగుతూ నీ చేతిలో చుక్క చూసేవాడు. నీ స్క్రీన్‌కి నీ చెయ్యి కనపడుతుందా?

మేనకోడలు: ... కనపడదు.

ఈ ఒక్క జవాబు రాబట్టడానికే ఆయన ఇంతసేపూ తిప్పారని నా అనుమానం. కానీ పిల్ల ఊరుకునే రకం కాదు.

మేనకోడలు: సరే, ఇప్పుడు నేనొకటి అడుగుతాను. డాలస్‌లో బావ ప్రైవేట్ పైలట్ లైసెన్స్ చేస్తున్నాడని పెళ్లిలో అందరికీ చెప్పుకొచ్చారు కదా. బావ గ్రౌండ్ స్కూల్ ఎక్కడ చదివాడు?

మామయ్య: వాడిది వేరు.

మేనకోడలు: ఎక్కడ చదివాడు మామయ్యా?

మామయ్య: ఆన్‌లైన్లోనే. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లు.

మేనకోడలు: బావ చేస్తే ముచ్చట, నేను చేస్తే దండగా?

మామయ్య: ముందు విను. అక్కడ రూల్లోనే ఉంది, గ్రౌండ్ పాఠం ఇన్‌స్ట్రక్టర్ దగ్గర చెప్పించుకో, లేదా ఇంట్లోనే కోర్సు చదువుకో, నీ ఇష్టం. అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ తన హ్యాండ్‌బుక్కులు ఉచితంగానే పెడుతుంది. వీడియో కోర్సు అక్కడ నిన్నా మొన్నా పుట్టింది కాదు, జాన్ కింగ్, మార్తా కింగ్ అనే మొగుడూపెళ్లాలు వీహెచ్‌ఎస్ క్యాసెట్ల కాలం నుంచే అమ్ముతున్నారు. కోర్సు పూర్తిచేసి నమూనా పరీక్షల్లో నెగ్గితే, అసలు పరీక్ష రాయొచ్చని ఎండార్స్‌మెంట్ కూడా చాలా కోర్సుల వాళ్లే ఇస్తారు. 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్. ఇంతవరకూ నీదీ వాడిదీ ఒకటే.

మేనకోడలు: ఇక తేడా ఎక్కడ?

మామయ్య: పరీక్షయ్యాక. వాడికొచ్చిన రిపోర్టులో మార్కులతో పాటు, తప్పుపోయిన అంశాలకి కోడ్లుంటాయి. వాడికి వాతావరణం చార్టుల్లో రెండు, ఎయిర్‌స్పేస్‌లో ఒకటి పోయాయి. ఇన్‌స్ట్రక్టర్ ఆ కోడ్లు దగ్గర పెట్టుకుని మళ్లీ చెప్పి, చెప్పానని సంతకం పెట్టాలి. సంతకం లేకుండా చివరి పరీక్షకి పోనివ్వరు. చివరి పరీక్షలో విమానం ఎక్కేముందు ఎగ్జామినర్ ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడుగుతాడు, పోయిన అంశాలు తప్పకుండా అడుగుతాడు. మొదటిసారి ఒంటరిగా ఎగరకముందే ఇన్‌స్ట్రక్టర్ పెట్టే రాతపరీక్ష ఇంకోటి. వాడు వీడియో చూసింది ఒక్కడే కూర్చుని. కానీ ఆ వీడియోకీ విమానానికీ మధ్య మనుషులు నిలబడి ఉన్నారు.

మేనకోడలు: మనకీ ఉన్నారు కదా. ఫ్లయింగ్ స్కూల్లో చేరగానే స్టూడెంట్ పైలట్ లైసెన్సుకి అక్కడే పరీక్ష పెడతారు, నోటితో కూడా అడుగుతారు. చివర్లో చెక్ రైడ్ ఎటూ ఉంది.

మామయ్య: ఉన్నారు, కాదనను. ఎప్పుడున్నారు? మనవాళ్లు పేపర్లన్నీ ముందు గట్టెక్కించేసి, తర్వాత డబ్బులు సర్దుకుని, సీటు చూసుకుని, అప్పుడు ఫ్లయింగ్‌కి వెళ్తారు. మధ్యలో ఏడాది పోతుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. మా వాడు బుధవారం రాత్రి క్రాస్‌విండ్ పాఠం చూస్తే శనివారం పొద్దున గాలి వాడి చెంప మీదే కొడుతుంది. నువ్వు ఇవాళ చదివిన క్రాస్‌విండ్ వచ్చే ఏడాది ఏ బారామతి ఫ్లయింగ్ స్కూల్లోనో తగులుతుంది. అప్పటికి నీ దగ్గర మిగిలేది మార్కులే.

మేనకోడలు: అది ఆన్‌లైన్ తప్పు ఎలా అవుతుంది మామయ్యా? ద్వారకా బ్యాచ్ కూడా అదే వరసలో చేస్తుంది. ఇంకా మాట్లాడితే వాళ్ల దగ్గర నోట్సు మాత్రమే ఉంటుంది. నాకు రికార్డింగులుంటాయి, ఫ్లయింగ్ ముందురోజు రాత్రి ఆ పాఠం మళ్లీ పెట్టుకుంటాను.

మామయ్య: నీ కోర్సు గడువెంత?

మేనకోడలు: ఏడాది.

మామయ్య: మరి?

మేనకోడలు: ... పొడిగించుకుంటే ఇంకొంచెం కట్టాలి.

మామయ్య: ఆ మాట ఫీజు కట్టకముందు అడగాల్సింది. ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న అదే అయ్యుండాలి.

(నిజమే. ఈ కోర్సులు కొనేవాళ్లు ధర చూస్తారు, సార్ పేరు చూస్తారు, ఎంతమంది పాసయ్యారో పోస్టర్లు చూస్తారు. రికార్డింగులు మన దగ్గర ఎంతకాలం ఉంటాయన్నది మన వరసలో చదివేవాడికి అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే పాఠం అసలు అక్కరకొచ్చేది పరీక్షకి కాదు, తర్వాతెప్పుడో.)

మేనకోడలు: సరే, అది నా పొరపాటే. మరి ఆర్‌టీఆర్ సంగతి? దానికి మాత్రం ఆన్‌లైనే మేలు. టవర్‌లో మీ మొహం పైలట్‌కి కనపడదు కదా. చెవిలో గొంతు తప్ప ఇంకేముంటుంది? హెడ్‌ఫోన్ పెట్టుకుని ఫోన్లో ప్రాక్టీస్ చేయడమే అసలుకి దగ్గర. క్లాసులో ఎదురుబదురుగా కూర్చుని పెదాలు చూస్తూ చేయడమే అబద్ధం.

మామయ్య: ఈ మాట బాగుంది. టవర్‌లో పనిచేసిన నాకే తట్టలేదు. సరే, అటు తిరిగి కూర్చో, నా వైపు చూడకు. నువ్వు విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ. నేను విజయవాడ టవర్. ‘విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ, టాక్సీ టు హోల్డింగ్ పాయింట్ రన్‌వే జీరో ఎయిట్, వయా టాక్సీవే బ్రావో, క్యూఎన్‌హెచ్ వన్ జీరో వన్ టూ.’

మేనకోడలు: ‘టాక్సీ టు హోల్డింగ్ పాయింట్ రన్‌వే జీరో ఎయిట్, వయా టాక్సీవే బ్రావో, విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ.’

మామయ్య: క్యూఎన్‌హెచ్ ఏమైంది?

మేనకోడలు: విన్నాను. చెప్పలేదు.

మామయ్య: నువ్వు విన్నావో లేదో నాకెలా తెలుస్తుంది? అది ఆల్టిమీటర్‌లో పెట్టుకోవాల్సిన గాలి పీడనం. నిన్నటి 1018 అలాగే మీటరులో ఉండి ఇవాళ 1012 అయితే, ఆల్టిమీటర్ చూపించే ఎత్తుకంటే నువ్వు సుమారు 170 అడుగులు కింద ఉంటావు. రీడ్‌బ్యాక్‌లో క్యూఎన్‌హెచ్ తప్పనిసరి. నీ ప్రశ్నల బ్యాంకులో ఇది లేదా?

మేనకోడలు: ఉంది. ‘కింది వాటిలో ఏవి రీడ్‌బ్యాక్ చేయాలి’ అని. ఎప్పుడూ తప్పు పెట్టలేదు.

మామయ్య: చూశావా మరి! 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ మీద సౌదీ జంబో, కజకిస్థాన్ విమానం గుద్దుకుని 349 మంది పోయారు. కజక్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగాలి, ఢిల్లీ కంట్రోలర్ ఆ మాట చెప్పాడు కూడా. కంట్రోలర్‌తో మాట్లాడినవాడు రేడియో ఆపరేటర్, విమానం నడిపినవాడు వేరు. విమానం ఇంకా కిందికే దిగింది. ఆ వారమంతా మా టవర్‌లో ఎవరికీ గొంతు సరిగా పెగల్లేదు. విన్నది నోటితో తిరిగి చెప్పాలన్న రూలు ఆప్షన్ ఏ, బీ, సీ, డీలతో వంటబట్టదమ్మా. నీ లైవ్ క్లాసులో నీ మైకు ఆన్‌లో ఉంటుందా?

మేనకోడలు: వందల మంది ఉంటారు మామయ్యా. అందరివీ మ్యూట్‌లో ఉంచుతారు. డౌటుంటే చాట్‌లో టైప్ చేయాలి.

మామయ్య: ఇప్పటిదాకా సారు నిన్ను పేరు పెట్టి ఒక్క ప్రశ్న అడిగాడా?

మేనకోడలు: లేదు.

మామయ్య: నేను గొడవపడేది దాని మీదే.

మేనకోడలు: అయితే మీ గొడవ ఆన్‌లైన్‌తో కాదన్నమాట, మ్యూట్ బటన్‌తో. పది మంది బ్యాచి పెట్టి మైకులు తెరిచి ఉంచే కోర్సులూ ఉన్నాయి, ఫీజు ఎక్కువ. ద్వారకాలో ఎనభై మందిని ఒక్క హాల్లో కూర్చోబెట్టే క్లాసులూ ఉన్నాయని సీనియర్లు చెప్పారు. అక్కడ బటన్ ఉండదు, అంతే. వెనక బెంచీలో కూర్చున్నవాణ్ని ఎవరూ అడగరు.

మామయ్య: ఊఁ.

మేనకోడలు: ఊఁ అంటే?

మామయ్య: ఊఁ అంటే ఊఁ. ఇంకోటి చెప్పు. మీ సారు రెగ్యులేషన్స్ పాఠంలో ఏ చట్టం చెప్పాడు?

మేనకోడలు: లైవ్‌లో భారతీయ వాయుయాన్ అధినియం, 2024. కానీ యాప్‌లో పాత బ్యాచ్ రికార్డింగులు కూడా ఉన్నాయి, వాటిల్లో ఇంకా 1934 ఎయిర్‌క్రాఫ్ట్ యాక్టే. కొత్తది 2025 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. ఆర్‌టీఆర్ కూడా టెలికాం శాఖ చేతిలోంచి డీజీసీఏకి వచ్చింది దానితోనే.

మామయ్య: పాతవి తీసేయొచ్చుగా?

మేనకోడలు: తీసేయాలి. గ్రూపులో అడిగాను, ‘నోటెడ్’ అని పెట్టారు. వీడియో పాచిపోయిందని చూసి చెప్పలేం, నిన్న చెప్పినట్టే ఉంటుంది. అలా అని జెరాక్స్ నోట్సు పాచిపోదా? కాకపోతే యాప్ వాళ్లు తల్చుకుంటే ఒక్క రాత్రిలో మార్చగలరు.

మామయ్య: తల్చుకుంటే.

ఇక్కడ అమ్మాయి తల్లి టీ తెచ్చి, ‘ఇంతకీ వెళ్తుందా, వెళ్లదా’ అని అడిగింది. ఇద్దరూ జవాబు చెప్పలేదు. డబ్బు సంగతి ఆవిడే ఎత్తింది. ఆన్‌లైన్ కోర్సు వేలల్లో అయిపోతోంది, ఢిల్లీ అంటే ఫీజు, అద్దె, తిండి కలిపి లక్షలు. ముందు ఫ్లయింగ్‌కి ఎలాగూ అరకోటి దాటుతుంది. ఆ లక్షలు మిగిలితే విమానంలో ఇంకొన్ని గంటలకి పనికొస్తాయన్నది ఆవిడ లెక్క. ఈ వాదనకి పెద్దాయన దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించనూ లేదు.

మామయ్య: చివరిగా ఒకటి. జనవరి. గన్నవరం. జీరో జీరో త్రీ జీరో జులూ మెటార్, అంటే వాతావరణ రిపోర్టు. విండ్ కామ్. విజిబిలిటీ 5,000, మిస్ట్. మేఘాల్లేవు. టెంపరేచర్ 18, డ్యూ పాయింట్ 18. ఆరూ నలభై ఐదుకి బయల్దేరాలి. బయల్దేరతావా?

మేనకోడలు: 0030 జులూ అంటే మన టైమ్ ఆరు గంటలు. కళ్లతో బయటికి చూస్తూ నడిపే వీఎఫ్‌ఆర్‌కి 5 కిలోమీటర్లు కావాలి, ఉంది. రూలు ప్రకారం వెళ్లొచ్చు.

మామయ్య: రూలు అడగలేదు. నిన్ను అడిగాను.

మేనకోడలు: ... వెళ్లను. టెంపరేచరూ డ్యూ పాయింటూ ఒకటే అయ్యాయి, గాలి లేదు, ఆకాశం తేటగా ఉంది. పొగమంచు పట్టడానికి అన్నీ కుదిరాయి. కృష్ణా డెల్టాలో తేమకి లోటా?

మామయ్య: భేష్! నీ నాలుగు ఆప్షన్లలో ‘టీ తాగి అరగంట ఆగుదాం’ అన్నది ఎప్పుడూ ఉండదు. అదే అసలు జవాబు.

మేనకోడలు: అరగంట చాలదు మామయ్యా. సూర్యుడు వచ్చిన కొత్తలో నేల దగ్గర గాలి కొంచెం కదిలి మంచు ఇంకా చిక్కబడొచ్చు. ఎనిమిది దాటాక చూద్దాం అంటాను.

మామయ్య: ఇదీ ఆ రికార్డింగేనా?

మేనకోడలు: ఇది ఐసీ జోషి పుస్తకం, దాన్ని వివరించింది రికార్డింగు.

మామయ్య: సరే, మెట్, రెగ్యులేషన్స్, టెక్నికల్ ఆన్‌లైన్లోనే కానివ్వు. నావిగేషన్‌కి మాత్రం ఎవరి ఎదుటైనా కూర్చోవాల్సిందే, నీ చెయ్యి చూసేవాడు కావాలి. హైదరాబాద్‌లో నాకు తెలిసినవాళ్లున్నారు.

మేనకోడలు: కెమెరా నా చేతి మీదికి తిప్పి చేస్తాను, సార్‌ని వన్-టు-వన్ అడుగుతాను. అప్పటికీ రాకపోతే హైదరాబాద్ వస్తాను.

మామయ్య: నేను ఒప్పుకోలేదు.

మేనకోడలు: నేనూ ఒప్పుకోలేదు. ఆర్‌టీ మాత్రం మీరు ఫోన్లో చేయించండి. రాత్రి తొమ్మిదిన్నరకి, క్లాసయ్యాక.

మామయ్య: మెడికల్ అయిందా? కోర్సుకి డబ్బులు పోశాక కళ్లూ చెవులూ పనికిరావంటే గొల్లుమనాల్సిందే.

మేనకోడలు: క్లాస్ 2 అయింది. ఫీజు కట్టింది ఆ తర్వాతే, ఆమాత్రం తెలుసు. ఆగింది పరీక్షలకి డీజీసీఏ ఇచ్చే కంప్యూటర్ నంబర్ దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఇంటర్ మెమోలో ఒక్క అక్షరమే వేశారు. ఇద్దరూ ఒకటే మనిషని నిరూపించుకోవాలట.

మామయ్య: దీనికి ఏ వీడియో ఉంది?

మేనకోడలు: ద్వారకా వెళ్లినా ఇదే తిప్పట కదా. ఇంటర్ బోర్డు ఆఫీసుకి సోమవారం నాన్నా నేనూ వెళ్తున్నాం. మీకు గవర్నమెంటు ఆఫీసుల్లో మాట్లాడ్డం అలవాటు, మీరూ వస్తే పని తొందరగా అవుతుంది.

మామయ్య: వస్తాను. ఆ మెమోలు రెండూ జెరాక్స్ తీయించి పెట్టుకో. మూడు సెట్లు.